అక్రోటు చిగురు కోసం కూర్చిన ఉప్పులు

గాజు సీసాలో అగరు జెల్లీ మీద నిలబెట్టిన అక్రోటు చిగురుకు మట్టీ లేదు, వేరూ లేదు. అది బతకాలంటే ఉప్పులు, చక్కెర, విటమిన్లు, లేశమాత్రపు హార్మోన్లు అన్నీ ఆ అగరులోంచే అందాలి. డీకేడబ్ల్యూ అనే పోషక మాధ్యమం ఆ చిగురు కోసమే తయారైంది. పేరులోని మొదటి రెండక్షరాలు డ్రైవర్, కునియుకి అనే శాస్త్రవేత్తలవి, మూడోది వాల్‌నట్‌ది, అంటే అక్రోటుది. కాలిఫోర్నియా అక్రోటు తోటల్లో వేరుమూలంగా, అంటే అంటుకు అడుగు మొక్కగా వాడే ‘పారడాక్స్’ సంకరం కోసం వాళ్లు దీన్ని 1984లో ప్రకటించారు. పారడాక్స్ గింజ నాటితే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. కొమ్మ నాటితే వేళ్లు రావడం కష్టం. అందుకే సీసా దారి పట్టాల్సి వచ్చింది.

అప్పటికి ఇలా సీసాల్లో పెంచే టిష్యూ కల్చర్‌లో ఎక్కువమంది వాడేది ఎంఎస్ మాధ్యమం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మురాషిగే, స్కూగ్ 1962లో పొగాకు కణజాలం కోసం దాన్ని కూర్చారు. నత్రజని దండిగా ఉంటుంది: లీటరుకు అమ్మోనియం నైట్రేట్ 1650 మిల్లీగ్రాములు, పొటాషియం నైట్రేట్ 1900. కాల్షియం మాత్రం సుమారు 3 మిల్లీమోల్‌లే.

చెట్టు చిగుళ్లకు చిక్కంతా ఆ కాల్షియం దగ్గరే. మొక్కలో కాల్షియం నీటి వెంట పైకెక్కుతుంది. ఆకులు నీటిని ఆవిరి చేసినప్పుడే ఆ ప్రవాహం నడుస్తుంది. మూతపెట్టిన సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, ఆవిరి ఆగిపోతుంది, చిగురు కొసకు కాల్షియం చేరదు. ఒకసారి ఆకులో స్థిరపడ్డ కాల్షియం మళ్లీ కదిలి కొసకు రాదు కూడా. దాంతో కొస నల్లబడి మాడిపోతుంది.

మరి కాల్షియం పెంచడానికి అడ్డేమిటి? ఉప్పులో అయాన్లు జంటగా వస్తాయి, ఒకదాన్ని పిలిస్తే రెండోదీ గడప దాటుతుంది. కాల్షియం క్లోరైడ్ పెంచితే క్లోరైడ్ రెట్టింపుగా పెరుగుతుంది. కాల్షియం నైట్రేట్ కలిపితే ఇప్పటికే దండిగా ఉన్న నత్రజని ఇంకా ఎక్కువవుతుంది.

డీకేడబ్ల్యూ పనితనం ఇక్కడే కనిపిస్తుంది. ఇందులో పొటాషియం నైట్రేట్ అసలే లేదు. దాని నైట్రేట్ వాటాను కాల్షియం నైట్రేట్ (లీటరుకు 1968 మిల్లీగ్రాములు) మోస్తుంది, పొటాషియం వాటాను పొటాషియం సల్ఫేట్ (1559) మోస్తుంది. అయాన్లుగా లెక్కవేస్తే పొటాషియం ఎంఎస్‌లోలాగే దాదాపు 20 మిల్లీమోల్‌లు. నైట్రేట్ 39 నుంచి 34కు తగ్గింది, క్లోరైడ్ 6 నుంచి 2కు పడిపోయింది, కాల్షియం 3 నుంచి 9 దాటింది. భారమంతా సల్ఫేట్ మీద పడింది: ఒకటిన్నర నుంచి 12కు. నైట్రేట్, క్లోరైడ్‌లను పెంచకుండా కాల్షియంను మూడింతలు చేసిన ఈ మార్పిడి నాకు చాలా ముచ్చటగా తోస్తుంది. న్యాయంగా చెప్పాలంటే కీలకమైన ఆ ఎత్తు కొత్తది కాదు. 1980లో లాయిడ్, మెకౌన్ అడవి పొద కాల్మియా కోసం చేసిన డబ్ల్యూపీఎం అనే మాధ్యమంలోనూ ఇదే మార్పిడి ఉంది. అయితే అక్కడ నత్రజని పలచన.

కలిపే తీరులోనూ జాగ్రత్త కావాలి. గాఢ ద్రావణాలు చేసేటప్పుడు కాల్షియంను సల్ఫేట్, ఫాస్ఫేట్‌లతో ఒకే సీసాలో పోస్తే జిప్సం, కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా అడుగుకు దిగుతాయి. అందుకే కాల్షియంకు వేరే సీసా. ఇనుమును ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచుతుంది, లేకపోతే తుప్పులా పేరుకుపోతుంది. ఆ జంట వెలుతురుకు చెడుతుంది కాబట్టి గోధుమరంగు సీసాలో దాస్తారు.

ఉప్పులను ఒక్కొక్కటిగా మార్చి చూసే పాత పద్ధతి వాటి మధ్య పొత్తును పట్టలేదు. ఒరెగాన్‌లోని కార్వాలిస్‌లో బార్బరా రీడ్ బృందం బేరి రకాల మీద ఎంఎస్‌ను కొన్ని భాగాలుగా విడదీసి, అన్నిటినీ ఒకేసారి వేర్వేరు పాళ్లలో మార్చి, ఫలితాలను గణాంక నమూనాతో చదివింది. కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్‌ల గుంపును పెంచినప్పుడు చాలా రకాలు మెరుగ్గా పెరిగాయి. ఏ ఒక్క మిశ్రమమూ అన్ని రకాలకూ సరిపోలేదు.

కాలిఫోర్నియాలో వ్లాచ్, వీఎక్స్211, ఆర్ఎక్స్1 అనే అక్రోటు వేరుమూలాలను ఇప్పుడు సీసాల్లోనే పెంచి తోటలకు అందిస్తున్నారు. డీకేడబ్ల్యూ ఉప్పులు పొడి రూపంలో కొనుక్కోవడానికి దొరుకుతాయి.