తలుపు కనబడు మంచము

నిరాశ్రయులైన వృద్ధుల అవసానకాలమునకై హాస్పిస్‌ను రూపొందింప బూనినవారు మొట్టమొదట విడువవలసినది, గోడలును పైకప్పును ఉన్నచోట మనుష్యునికి ధైర్యము తనంతతానే కలుగునను నమ్మకము. ఏండ్ల తరబడి కాలిబాటలమీదను, రైల్వేస్టేషను పంచలలోను, ఎవరు వచ్చి లేపుదురోయని సగము మెలకువతోనే నిద్రించినవారికి మూసిన గది ఆశ్రయముగా గాక నిర్బంధముగా తోచును.

కావున నేను గీయు ప్లానులో పండుకొన్నవారి చూపు తిన్నగా తలుపుపై పడునట్లు మంచమును అమర్చుదును. నేలపై పండుట అలవడినవారు దిగుటకు జంకకుండ మంచము పొట్టిదిగా ఉండవలెను. సేవచేయు నర్సు నడుము నొవ్వకుండ, వేళకు పైకెత్తదగినదైనచో మరియు మేలు. ప్రక్కనే యొక చిన్న పెట్టె, దాని తాళపుచెవి ఆ వృద్ధుని చేతనే ఉండవలెను. దారముతో కట్టిన కళ్లజోడు, మడతలలో చినిగిన రేషనుకార్డు, ఎవరిదో పాత ఫోటో గల, వారు వెంట తెచ్చుకొన్న మాసినసంచిని శుభ్రతపేరిట పారవేయుట, ఉన్న ఆస్తినంతయు హరించుటయే.

మదర్ థెరెసా 1952లో కలకత్తా కాళీఘాట్ ఆలయము చెంతనున్న యాత్రికుల సత్రమును నిర్మల్ హృదయ్‌గా మార్చినప్పుడు, వీధిలో ఒంటరిగా ప్రాణము విడువవలసినవారికి చేయిపట్టుకొను మనిషి దొరకెను. అది మరువరాని మేలు. ఐనను నొప్పికి తగిన మందు అచట కొరవడినదని 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విమర్శ ప్లాను గీయువారికిని వర్తించును: మార్ఫిన్ దాచుటకు తాళముగల బీరువా, దాని లెక్క వ్రాయు బల్ల, రాత్రి నర్సు కూర్చుండు చోటు లేనిచో ప్రేమ యెంత ఉన్నను అర్ధరాత్రి బాధ తీరదు. నొప్పి తిరుగబెట్టకముందే వేళప్రకారము మందిచ్చు పద్ధతిని, 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరచిన సిసిలీ సాండర్స్ వ్యాపింపజేసెను. మనదేశమున 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించిన పిమ్మట మార్ఫిన్ వంటి మందును పొందు మార్గము కొంత సుగమమైనది.

కెనడాలోని ఒట్టావాలో 2001 నుండి నిరాశ్రయుల వసతిగృహమునందే యొక హాస్పిస్ నడచుచున్నది. ఈ యేర్పాటు నాకు మిక్కిలి ప్రియము. ఏలయన, పోవువారికి బంధువులు లేకపోవచ్చును గాని, చలిరాత్రులందు దుప్పటి పంచుకొన్న స్నేహితులుందురు. వారు గుర్తింపుకార్డు చూపనక్కరలేక ఏవేళనైనను వచ్చుటకు వీధివైపు ద్వారమును, ఆక్సిజన్ సిలిండర్లకు దూరముగా బీడీ కాల్చుకొనుటకొక అరుగును, ప్రతి మంచముచెంత ఇద్దరు తెల్లవార్లు కూర్చుండదగిన బల్లను ఉంచవలెను. స్థలము చాలదని నిర్వాహకులు చెప్పినచో, ఆఫీసుగదిని తగ్గింపుడని నేను కోరుదును.