ఏటి పాయలోంచి పుట్టిన అక్షరం

చైనాలో కుంచెరాత నేర్చుకునేవాళ్లు పదే పదే దిద్దే అక్షరం ఒకటుంది. పేరు 'యోంగ్'. అర్థం, కలకాలం.

ఆ అర్థం నీటిలోంచి వచ్చింది. మూడు వేల ఏళ్ల కిందట తాబేలు చిప్పల మీద, పశువుల ఎముకల మీద చెక్కిన రూపంలో ఏరు, దాన్నుంచి చీలే పాయ కనిపిస్తాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో నిఘంటువు కూర్చిన షూ షెన్ కూడా దూరం పారే నీరనే చెప్పాడు. కొందరు పండితులకు మాత్రం అందులో ఈదుతున్న మనిషి కనిపిస్తాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదది. ఇదే అక్షరానికి ఎడమ పక్కన నీటి గుర్తు చేరిస్తే 'ఈదడం' అవుతుంది మరి! జౌ రాజుల నాటి కంచు పాత్రల మీద, కొడుకులూ మనవలూ కలకాలం దాచుకుని వాడుకోవాలని చెక్కించినచోట 'కలకాలం' అంటే ఈ అక్షరమే.

గీతలు ఐదే. వాటిలో కుంచె చేసే పనులు ఎనిమిది. మన గుడి, కొమ్ము, వట్రసుడి ఆకారాన్ని చూసి పెట్టిన పేర్లు. ఈ ఎనిమిదింటి పేర్లలో కొన్ని మాత్రం చెయ్యి ఎలా కదలాలో చెబుతాయి, అదే వీటి అందం. అడ్డగీత 'కళ్లెం': గుర్రాన్ని నిలవరించినట్టు కుంచెను పట్టి నడపాలి. పైకి లేచే గీత 'కొరడా'. ఎడమకు కురచగా దిగేది పిట్ట ముక్కుతో పొడవడం.

అన్నిటికన్నా కష్టం చివరిది, కుడికి వాలే గీత. మొనతో సన్నగా మొదలుపెట్టి, కిందికి జారేకొద్దీ నొక్కుతూ పోవాలి. వెంట్రుకలు పూర్తిగా విచ్చుకున్నచోట క్షణం ఆగి, మెల్లగా ఎత్తుతూ పక్కకి లాగాలి. కుంచెరాతకు వాడే షువాన్ కాగితం సిరాను ఇట్టే పీల్చేస్తుంది. కాస్త తటపటాయిస్తే మచ్చ పాకుతుంది. ఇక ఇంకో కాగితం తీసుకోవడమే.

క్రీ.శ. 353 వసంతంలో షావోషింగ్ దగ్గర లాంటింగ్‌లో, ఏట్లో మద్యం గిన్నెలు వదులుతూ మిత్రులు కవితలు చెప్పుకున్నారు. వాటికి కుంచెరాతలో పేరెన్నికగన్న వాంగ్ షీజీ రాసిన పీఠికలో మొదటి అక్షరం యోంగే. షీజీకి ఏడో తరం వారసుడైన బౌద్ధ భిక్షువు జీయోంగ్ పేరులోనూ అదే ఉంది. వెయ్యి అక్షరాల పాఠాన్ని ఆయన 800 సార్లు రాశాడంటారు. పీఠిక అసలు ప్రతి ఇప్పుడు లేదు. తాంగ్ చక్రవర్తి తైజోంగ్ దాన్ని తనతోపాటు సమాధి చేయించుకున్నాడని చెబుతారు. మిగిలినవి నకళ్లు. వాటిని ముందు పెట్టుకుని ఇవాళ దిద్దేవాళ్లూ ఆ ఏటి పాయతోనే మొదలుపెడతారు.