దృక్కోణము పెరిగినది – ఎవరికి?

పుంగనూరు పొట్టి ఆవు సుమారు ఒక మీటరు ఎత్తుండును. దాని నిలువెత్తు త్రిపరిమాణ ప్రతిబింబమును మదనపల్లెలోనో కుప్పములోనో ఒక తరగతికి చూపవలెనన్నచో, ముందు బల్లవారికి ఆవు ముఖము, ప్రక్క బల్లవారికి డొక్క ఒకేసారి కనబడవలెను. హోలోగ్రామ్ తెరలకు “దృక్కోణము పెరిగినది” అను వార్తలను ఈ గదిలో పరీక్షించి చూడదగును.

1947లో డెనిస్ గేబర్ కనిపెట్టిన హోలోగ్రామ్ కాంతి తీవ్రతనే గాక దాని దశను కూడ భద్రపరచును. ఫోటో పలకపై అతి సూక్ష్మమైన వ్యతికరణ రేఖలు ఇముడును గనుక దృక్కోణము విశాలముగా నుండును. కదలు బొమ్మలను చూపు విద్యుత్ తెరకు ఆ సూక్ష్మత లేదు. దాని చిత్రబిందువుల నడిమి దూరము ఎంత ఎక్కువైన, వివర్తనముచే కాంతి వంగు కోణము అంత తక్కువ. ఆ దూరము 3.74 మైక్రోమీటర్లున్న తెరపై, 0.532 మైక్రోమీటర్ల ఆకుపచ్చ కాంతికి మొత్తము దృక్కోణము 8 డిగ్రీలు మాత్రమే. 60 డిగ్రీలు కావలెనన్న ఆ దూరము 0.532 మైక్రోమీటర్లకు తగ్గవలెను. అట్టి తెర పొడవు వెడల్పులు మీటరు చొప్పున ఉన్నచో, వరుసకు సుమారు 19 లక్షలు, మొత్తము 3.5 లక్షల కోట్ల బిందువులు కావలెను. 8కె టెలివిజనులో ఉన్నవి 3.3 కోట్లే. అనగా లక్ష రెట్ల కొరత!

ఈ కొరతను ఉపాయముతో దాటుటకు యత్నములు జరుగుచున్నవి. 2020లో శాంసంగ్ పరిశోధకులు వెనుక నుండి వచ్చు కాంతిని చూచువాని కంటి వైపు మళ్ళించి దృక్కోణమును 30 రెట్లు పెంచిరి. ఒక్కడు చూచు పరికరమునకు ఇది మెచ్చదగిన యుక్తి. కాని ఇది కిటికీని పెద్దది చేయుట కాదు. చిన్న కిటికీని ఒకని వెంట జరుపుట. తరగతికి ఇది చాలదు. కాంతిని చెదరగొట్టు పలకను తెరముందు ఉంచిన కోణము పెరుగును. బిందువుల సంఖ్య పెరగదు గనుక బొమ్మలో చుక్కలు చుక్కలుగా మచ్చలేర్పడి స్పష్టత తగ్గును. పెక్కు తెరలను వంపుగా పేర్చుటలో మోసము లేదు గాని, ఖర్చును గణన భారమును పెరుగును.

కావున కోణమును మాత్రమే చెప్పు వార్త సగము వార్త. తెర ఎంత, స్పష్టత ఎంత, ఒకేసారి చూడగలవారెందరు అని కూడ విద్యార్థులు అడుగవలెను. ప్రక్క బల్లవానికి డొక్క కనబడనంతవరకు ఆ తెర తరగతి గదికి రానట్లే.