ముందు ఇరుసు, ఆఖరున రంగు

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియె 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగి, సూరత్ నుంచి గోల్కొండకు వచ్చే దారుల గురించి వివరంగా రాశాడు. వ్యాపారి కనుక ఖర్చులు కూడా మరిచిపోలేదు. బండి కిరాయి రోజుకు సుమారు రూపాయి. సూరత్ నుంచి ఆగ్రా చేరడానికి ముప్పై అయిదు, నలభై రోజులు పడుతుంది. మొత్తం కిరాయి నలభై, నలభై అయిదు రూపాయలు. గోల్కొండకూ దాదాపు అంతే దూరం, అంతే కిరాయి. బండికి పరదాలుంటాయి, మెత్తలుంటాయి, కుదుపు ఆపే ఏర్పాటు మాత్రం ఉండదు. ఇద్దరు కూర్చునే చోటున్నా మామూలుగా ఒక్కరే తమ బట్టలూ సామానూ పెట్టుకుని ప్రయాణం చేస్తారు. ఆయన ఒక ఎడ్ల జతను కొన్నాడు, దాదాపు 600 రూపాయలు పెట్టి! దారిలో వాటికి గోధుమపిండి, వెన్న, నల్లబెల్లం కలిపిన ముద్దలు పెట్టేవారట, సాయంత్రం నానబెట్టిన శనగలు. 1676లో అచ్చయిన ఆ పుస్తకంలో రాజుల దర్బార్ల కంటే నాకు ఈ ఎడ్ల మేత లెక్కే ఎక్కువ నచ్చుతుంది.

ఆ సూరత్‌లో ఇప్పుడు తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. సెలవు రోజున ఊరంతా వెళ్లే చోటు డుమస్. నగరానికి నైరుతిగా ఇరవై కిలోమీటర్ల దూరంలో నల్ల ఇసుక తీరం, వేడి వేడి టమాటా భజియాలు, ఒకప్పటి సచిన్ నవాబుల భవనం. ఆ దారిలో తోటబంగళాలూ ఉన్నాయి. అలాంటి తోటలో తాతల కాలపు గూడు బండి ఒకటి తెచ్చి పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తే తప్పేమీ లేదు. తెచ్చాక మొదటి రోజే రంగు డబ్బాలు కొంటారే, అక్కడే పని చెడుతుంది.

అమెరికాలో పాత ప్రయాణపు ట్రెయిలర్లను బాగుచేసుకునే వాళ్లు లక్షణంగా ఒక పద్ధతి పాటిస్తారు. 1936 నుంచి వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ అల్యూమినియం బండ్లు పైకి అద్దంలా మెరుస్తుంటాయి, లోపల మాత్రం రివెట్ల సందుల్లోంచి కారిన వాన నీటికి నేల ప్లైవుడ్ కుళ్లిపోయి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అవసరమైతే పైడొప్పను మొత్తంగా ఎత్తి పక్కన పెట్టి, అడుగు చట్రాన్నీ ఇరుసునూ చూస్తారు. మెరుగు పెట్టడం ఆఖరి పని. మన గూడు బండికీ ఇదే వరస.

బండి కొనేముందు చేతిలో చిన్న సుత్తి, ఒక చాకు ఉంటే చాలు. చక్రం ఆకులను ఒక్కొక్కటిగా సుత్తితో తట్టాలి. గట్టి ఆకు ఖంగుమంటుంది, వదులైనదీ పుచ్చినదీ మొద్దుగా మోగుతుంది. ఆకులు చక్రం నడుమనున్న కుంభంలో దిగే చోట చాకు మొన గుచ్చితే కొయ్య లోపలికి పోనీయకూడదు. నీళ్లు నిలిచేది అక్కడే, చెద మొదలయ్యేదీ అక్కడే. తర్వాత చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కుంభం లోపలి ఇనుప గొట్టం అరిగిపోయి ఉంటే చక్రం ఇరుసు మీద తూలుతుంది. నొగలకు పగుళ్లున్నా, గూడు చిరిగినా భయపడక్కర్లేదు, అవి మార్చుకోదగ్గవే. కుంభం చీలిన బండిని మాత్రం ధర ఎంత తగ్గించినా కొనకండి.

అసలు విద్య అంతా చక్రంలోనే ఉంది. వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కలిస్తేగాని చక్రం కాదు. మధ్యలో కుంభం, అందులో బిగించిన ఆకులు, ఆకుల కొసలకు గుండ్రంగా అమర్చిన వంపు చెక్కలు. పన్నెండు ఆకుల చక్రమైతే ఒక్కో చెక్కకు రెండేసి ఆకుల చొప్పున ఆరు చెక్కలుంటాయి. నల్లతుమ్మ ఈ పనికి పేరున్న కొయ్య. అది గట్టిది, దెబ్బకు చీలదు. పచ్చి కొయ్యతో మాత్రం పనికిరాదు, బాగా ఆరి ఉండాలి. చెక్కకూ చెక్కకూ మధ్య వడ్రంగి సన్నని సందు కావాలనే వదిలిపెడతాడు. చూసేవాళ్లకు పనితనం చాలలేదనిపిస్తుంది. ఆ సందు కమ్మరి కోసం.

కమ్మరి చక్రం చుట్టుకొలత తీసుకుని, దానికంటే కాస్త తక్కువ కొలతకు ఇనుప పట్టాను వలయంగా అతుకుతాడు. చల్లగా ఉన్నప్పుడు అది చక్రానికి ఎక్కదు. నేల మీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది: అయిదడుగుల చక్రానికి పట్టా పొడవు పదిహేనున్నర అడుగుల పైన, అయిదు వందల డిగ్రీలు వేడెక్కితే అది అంగుళం పైచిలుకు సాగుతుంది. ఎర్రబారుతున్న వలయాన్ని పట్టకార్లతో ఎత్తి, నేల మీద బిగించి పెట్టిన చక్రంపైకి దించి, సుత్తులతో సర్ది, కొయ్య అంటుకునేలోపు నీళ్లు గుమ్మరించాలి. పొగ, ఆవిరి, అరుపులు. పట్టా ముడుచుకుంటున్న కొద్దీ చెక్కల మధ్య సందులు మూసుకుపోతాయి, ఆకులు కుంభంలోకి ఇంకా లోతుగా దిగుతాయి, కొయ్య కిర్రుమంటుంది. ఆ బిగింపు ఏ జిగురుకూ రాదు, మేకులకూ రాదు.

ఇక్కడ డుమస్ తోటలో బండి పెట్టుకునే యజమాని ఒక సంగతి గట్టిగా పట్టించుకోవాలి. తేమకు కొయ్య ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. వానాకాలంలో ఉబ్బిన చక్రానికి పట్టా ఎక్కిస్తే వేసవి వచ్చేసరికి వదులైపోతుంది. వానలకు ముందే, కొయ్య పూర్తిగా ఆరి ఉన్నప్పుడే ఈ పని చేయించాలి. వేసవిలో వదులైన చక్రాన్ని చెరువులో నానబెట్టడం మన ఊళ్లలో పాత అలవాటే. ఆ పూటకు గడుస్తుంది, కానీ ఏటా అదే మందు వాడితే కొయ్య కుళ్లుతుంది. పైగా ఇది సముద్రపు గాలి. ఉప్పు తేమకు పట్టా, ఇరుసు, సీలలు వేగంగా తుప్పు పడతాయి. ఇనుము మీద నూనె పూత ఆరనివ్వకూడదు. కొయ్యకు అవిసె నూనె పట్టించండి, మందపాటి రంగు వద్దు. రంగు కింద పుచ్చు కనబడదు.

ఇరుసుకు కందెన కావాలి. ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి పెట్టేవారు. ఇప్పుడు దుకాణంలో దొరికే గ్రీజు పెట్టినా పాపం లేదు. ప్రయాణానికి ముందు పెట్టడం, కొంత దూరం వెళ్లాక చక్రాన్ని చేత్తో తాకి వేడెక్కిందేమో చూడడం, ఈ రెండూ మానకూడదు. సీల ఊడితే చక్రం ఊడినట్టే. ఒక సీల అదనంగా బండిలో ఉంచుకోండి.

తూకం గురించి చాలామందికి తెలియదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగిస్తుంది. ముందుకు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. ముందుకు కొంచెం మొగ్గాలి, అంతే. కారు వెనక లాగే ట్రెయిలర్లకూ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలంటారు, తక్కువైతే బండి తోకలా ఊగుతుంది. గూడు వేసి, మనుషులు కూర్చున్నాకే ఈ తూకం చూడాలి; ఖాళీ బండి చూపే తూకాన్ని నమ్మకండి.

ఇక గూడుది తేలిక పని: వంచిన వెదురు బద్దలు, పైన చాపలు, అడుగున గడ్డి పరిచి దాని మీద జంపఖానా. బండి కింద ఎడ్ల మేతకు ఒక గోనె, రాత్రికి ఒక లాంతరు. మేడారం జాతరకు బండ్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాలు అడవిలో రోజుల తరబడి ఇదే సరంజామాతో కాపురం చేశాయి. మనకు ప్రయాణపు ఇల్లు కొత్తేమీ కాదు.

కొయ్య చక్రాన్ని దాదాపుగా రోడ్డు మీద నుంచి తప్పించింది రబ్బరు టైరు. అందులో న్యాయం ఉంది. ఎద్దుకు లాగడం తేలికైంది, ఇనుప పట్టా రోడ్లను కోయడం తగ్గింది. ఐఐఎం బెంగళూరు తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎడ్లబండిని మెరుగుపరచాలని, ఆ పశువుల కష్టం తగ్గించాలని గట్టిగా వాదించారు. ఆయన మాటే సరైనది. బరువులు మోసే బండికి టైర్లే ఉండాలి. మనం బాగుచేసుకునే పాత సవారీ బండి విలువ వేరు: కొలతను చేతితో, వేడిని కంటితో పట్టే ఇద్దరు పనివాళ్ల విద్య అందులో ఉంది. ఆ విద్య పుస్తకంలో నిలవదు, పని దొరికితేనే నిలుస్తుంది. అందుకే తోట గేటు దగ్గర సిమెంటు దిమ్మెలో పాతేసి పూలకుండీలు పెట్టిన బండిని నేను బాగుచేసిన బండి అనను. ఒక్క కిలోమీటరైనా నడవాలి.

నడిపేటప్పుడు ఇసుకలోకి మాత్రం దింపకండి. 2025 జూలైలో, నిషేధం ఉన్నా డుమస్ తీరంలోకి దిగిన ఖరీదైన కారొకటి తడి ఇసుకలో కూరుకుపోయింది; సన్నని ఇనుప పట్టాకైనా ఆ ఇసుకలో అదే గతి. ఎడ్లను అద్దెకు తెచ్చుకున్నా సరే, పని చేసే పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన నియమాలు మీకు వర్తిస్తాయి: రోజుకు తొమ్మిది గంటలకు మించి పని వద్దు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు అసలే కట్టకూడదు.

బండి కొనడానికి ముందే సెలవులకు మీ ఊరు వెళ్లినప్పుడు, పట్టా ఎక్కించడం తెలిసిన కమ్మరి ఇంకా ఉన్నాడేమో అడగండి. ఉంటే ఈ వేసవిలోనే పని ఒప్పజెప్పండి. వానలు మొదలైతే మళ్లీ కొయ్య ఆరేదాకా ఆగాలి, ఆయన వయసు కూడా అన్నాళ్లు ఆగాలి కదా.