త్తిని రాశి అంటే ఏం పోతుంది?

కొరియన్‌లో 'త్తి' అని ఒక చిన్న మాట ఉంది. రాస్తే ఒక్కటే అక్షరం. పరిచయం కాస్త ముదిరాక "ముసున్ త్తియేయో?" అని అడుగుతారు, మీది ఏ త్తి అని. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడి, కుక్క, పంది. పుట్టిన ఏడాదిని బట్టి ఈ పన్నెండింటిలో ఒకటి జవాబు. ఈ మాటను తెలుగు చేయబోతే ఎవరి చెయ్యి అయినా ముందు 'రాశి' మీదకే పోతుంది. "మీదే రాశి?" అంటే డైలాగు నోట్లో తిరుగుతుంది, చూసేవాళ్లు ఆగకుండా ముందుకు పోతారు. నా పేచీ అంతా ఆ ఆగకపోవడంతోనే.

ముందు చిన్న చిక్కు చెప్తా. 'యాంగ్' అంటే గొర్రె. 2003లో పుట్టినవాళ్లు 'యాంగ్‌త్తి'. ఏ సంవత్సరమైనా సరే, మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో పుట్టినవాళ్లు 'యాంగ్‌జారి'. మొదటిది చైనా నుంచి వచ్చిన ఏళ్ల లెక్క. రెండోది పడమటి దేశాల నుంచి వచ్చిన నెలల లెక్క, ఇంగ్లీష్ పేపర్లలో వారఫలాలు ఉంటాయే, అది. త్తి అనే శబ్దానికి నడుముకు కట్టుకునే పట్టీ అని కూడా అర్థం ఉంది. జారి అంటే కూర్చునే చోటు, 'బ్యోల్‌జారి' అంటే చుక్కల చోటు. పట్టీ వేరు, పీట వేరు. కొరియన్ పిల్ల ఒక్క చివరి ముక్కతో తేల్చేసే ఈ తేడా తెలుగులోకొచ్చేసరికి రెండు గొర్రెలూ ఒకే మేషరాశిలో పడి కలిసిపోతాయి. మన దగ్గర రాశి అంటే కుప్ప కదా, అందుకేనేమో!

పోనీ యాంగ్‌జారిని అయినా మేషరాశి అనొచ్చా? అదీ కష్టమే. తెలుగువాళ్లు "నాది మేషం" అంటే పుట్టినప్పుడు చంద్రుడు మేషంలో ఉన్నాడని. కొరియన్ బ్యోల్‌జారిది సూర్యుడి లెక్క. సూర్యుడి లెక్కే పట్టుకున్నా మన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 దగ్గర వస్తుంది, వాళ్లకు మార్చి 21కే మొదలు. ఏప్రిల్ 5న పుట్టిన మనిషి అక్కడ గొర్రె, ఇక్కడ చేప. అలాగని రెండూ పరాయివి కావు. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో క్రియ, తావురి, జితుమ లాంటి రాశుల పేర్లు ఉన్నాయి, అవి గ్రీకు మాటలే. అంటే మన మేషమూ వాళ్ల యాంగ్‌జారీ రెండూ అనువాదాలే, ఒకటి బాగా పాతది, ఒకటి కొత్తది. దారిలో ఎవరికి తోచింది వాళ్లు మార్చుకున్నారు. గ్రీకుల మేక-చేప మనకు మకరం, అంటే మొసలి అయింది. కొరియన్‌లో మేకే మిగిలింది. మన కుంభం వాళ్లకు 'ముల్‌బ్యోంగ్', నీళ్ల సీసా. ఫ్రిజ్‌లో పెట్టుకునే బాటిల్‌కీ అదే మాట. నాకైతే అది కుంభం కన్నా నచ్చింది.

అర్థం కన్నా అసలు సంగతి, ఆ ప్రశ్న చేసే పని. కొరియన్‌లో ఎదుటివాళ్లు పెద్దో చిన్నో తేలకపోతే క్రియకు చివర ఏం తగిలించాలో తేలదు. "మీకెన్నేళ్లు?" అని మొహం మీద అడగడం కొంచెం మొరటు. త్తి అడిగితే జంతువు పేరు వస్తుంది, మనిషిని చూస్తే పన్నెండేళ్లు అటా ఇటా అన్నది తెలిసిపోతుంది, లెక్క కుదురుతుంది. 2023 జూన్‌లో వయసు లెక్కను చట్టం మార్చినా ఈ కొలత అవసరం పోలేదు. అంటే త్తి వరస కలుపుకొనే ప్రశ్న. మా సదాశివనగర్‌లో ఆ పని చేసే ప్రశ్న రాశి కాదు. హైవే పక్కన బస్సు దిగిన కొత్త మనిషిని "ఏ ఊరు బిడ్డా? ఎవరోళ్లు మీరు?" అంటారు. ఆ జవాబుతో వయసుతో పాటు కులం, ఇల్లు, కొన్నిసార్లు పొలం కూడా తెలుసుకుంటారు. అన్నా అనాలా, పటేలా అనాలా అన్నది దాని మీదే తేలుతుంది. కొరియన్ ప్రశ్న కన్నా మన ప్రశ్న చాలా లోతుకు తవ్వుతుంది.

రాశి అడిగేది పెళ్లికే. అదీ అందరినీ కాదు. పుట్టిన టైము రాసిపెట్టుకునే అలవాటు కొన్ని ఇళ్లకే ఉండేది. మిగతావాళ్లకు స్కూల్లో సార్లు వేసిన జూన్ తారీఖే పుట్టినరోజు. వాళ్లు పంతులు దగ్గరికి పోతే ఆయన పేరు అడిగి, మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం చెప్తాడు. చు, చే, చో, ల అయితే అశ్విని. చుక్కలను బట్టి పేరు పెట్టాల్సింది పోయి, పేరును బట్టి చుక్కలు. జాతకం లేని ఇళ్లకు దొరికిన రాశి ఇది. అందుకే "మీదే రాశి?" అనే సబ్‌టైటిల్ అందరి ఇళ్లలోనూ ఒకేలా వినపడదు. సియోల్ కాఫీ షాపులో ఇద్దరు వయసు పోల్చుకుంటుంటే, మనకు పెళ్లిచూపులు వినిపిస్తాయి.

అలాగని త్తికి పెళ్లితో సంబంధం లేదని కాదు. అక్కడా 'కుంగ్‌హాప్' ఉంది, మన పొంతన లాంటిది. 'ఫల్‌చా' ఉంది. ఫల్‌చా అంటే అక్షరాలా ఎనిమిది అక్షరాలు. పుట్టిన ఏడాది, నెల, రోజు, ఘడియ, ఒక్కోదానికి రెండు అక్షరాలు. వాడుకలో దానికి తలరాత అని అర్థం. తలరాత అన్నా ఫల్‌చా అన్నా రాతే, ఈ ఒక్కచోట అనువాదకులకు మాట దొరికేసింది. గుర్రం ఏడాదిలో పుట్టిన ఆడదాని ఫల్‌చా గట్టిదని అక్కడ ఒక నమ్మకం. గట్టిది అంటే మెచ్చుకోవడం కాదు, మొగుడికీ ఇంటికీ చేటని. గుర్రం ఏడాదిలో పుట్టిన మగాడికి ఆ మాట లేదు. ఇదే గుర్రానికి నిప్పు తోడైన ఏడాది 1966. ఆ ఏడాది జపాన్‌లో పుట్టిన పిల్లలు ముందటి ఏడాది కన్నా దాదాపు నాలుగో వంతు తగ్గారు. 1990 కొరియాలో తెల్ల గుర్రం ఏడాది. అప్పటికి స్కానింగులు వచ్చేశాయి, కడుపులో ఎవరున్నారో చెప్పకూడదని 1987లోనే చట్టం పెట్టినా ఆగలేదు. ఆ ఏడాది వంద మంది ఆడపిల్లలకు 116.5 మంది మగపిల్లలు పుట్టారు. మామూలుగా 105 దగ్గర ఉండాల్సిన లెక్క. కొడుకు కావాలన్న యావే అసలు కారణం, గుర్రం దానికి తోడైంది.

చో నామ్‌జూ 2016లో రాసిన నవల పేరే 'కిమ్ జియంగ్, 1982లో పుట్టింది'. అందులో తల్లి మూడోసారి కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసి తీయించుకుంటుంది, తర్వాత కొడుకు పుడతాడు. పేరు పక్కన పుట్టిన ఏడాది పెట్టడం మనకు ఓటరు కార్డు లాగా కనిపిస్తుంది. కొరియన్ పాఠకులకు ఆ నంబరే ఒక తరం. కథలో ఏ జంతువు పేరూ తీయనవసరం లేదు, ఏడాది చాలు.

ఇక్కడికొచ్చేసరికి 'రాశి' నిజంగా నష్టం చేస్తుంది. "ఆమెది గుర్రం రాశి" అంటే తెలుగులో ముద్దుగా ఉంటుంది, వాట్సాప్ స్టిక్కర్ లాగ. దాని వెనక ఉన్న చేటు కనపడదు. మనకు ఆ చేటు తెలియదా అంటే బాగా తెలుసు, వేరే పేరుతో. మూల నక్షత్రం పిల్లను తెస్తే మామకు గండం, ఆశ్లేష అయితే అత్తకు. ఇక్కడా గండం తెచ్చేది కోడలే. "ఆమె గుర్రం ఏడు పుట్టింది, మన మూల నక్షత్రం లెక్క" అని అనువాదకులు ఒక్క ముక్క అదనంగా రాస్తే తెలుగు ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అందరికీ, ముఖ్యంగా మాట పడ్డ కోడళ్లకు, ఒక్క దెబ్బకు అర్థమవుతుంది. 2026 మళ్లీ నిప్పు గుర్రం. మన అరవై ఏళ్ల వరసలో 1966 ఉగాదికి వచ్చిన పేరే 2026 ఉగాదికీ వచ్చింది, పరాభవ. పేర్లకు భయపడాలంటే మనం కూడా తక్కువ తినలేదు.

ఆ అరవై ఏళ్ల వరసలోనే త్తికి అసలైన చుట్టరికం ఉందని నా వాదన. వాళ్ల చక్రం మొదలు 1984లో పడింది, మన ప్రభవ 1987లో. మూడేళ్ల తేడాతో రెండు చక్రాలూ తిరుగుతున్నాయి. అది పూర్తయితే వాళ్లు 'హ్వాన్‌గాప్' చేస్తారు, మనం షష్టిపూర్తి చేస్తాం. రాశి పక్కన పెట్టి ఏడు పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. తెలంగాణలో ఏడు అన్న మాట బతికే ఉంది. "ఏ ఏడు పుట్టినవ్?" "గొర్రె ఏడు." ఇందులో తప్పేముంది?

'త్తి-దొంగాప్' అని ఇంకో మాట ఉంది. ఒకే త్తి ఉన్నవాళ్లు, ఎక్కువగా పన్నెండేళ్ల తేడా ఉన్నవాళ్లు. వయసు తేడా ఉన్న జంటల గురించి మాట్లాడేటప్పుడు తరచుగా వస్తుంది. దీన్ని "ఒకే రాశివాళ్లు" అని తెలుగు చేస్తే కథ తలకిందులవుతుంది, ఎంత బాగా కుదిరిందో అన్నట్టు ఉంటుంది. మనకు చేతిలోనే ఉంది మాట: "వాళ్లిద్దరికీ ఒక పుష్కరం తేడా." పుష్కరం కూడా గురుడు పన్నెండు రాశులు తిరిగొచ్చే లెక్కే. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. కొరియన్ క్యాలెండర్ తీసి చూడండి, అన్నీ గొర్రె ఏళ్లే. బాసరకో కందకుర్తికో పోయి మునిగొచ్చిన మా దిక్కు ముసలమ్మలు పిల్లల వయసు చెప్పేదీ అట్లనే. యాంగ్‌త్తి అన్న ఆ రెండు అక్షరాలకు నేనైతే "పుష్కరాల ఏడు పుట్టినోడు" అని రాస్తా. సబ్‌టైటిల్‌లో పట్టదంటారా, ఫాంట్ కొంచెం చిన్నది చేయండి.