కాచుకోవడానికి ఒక పాచిక

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఆడే ఆటల్లో మొదటిదిగా పేరొందిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ (1974)లో, ఎదుటి కత్తిని కాచుకోవడానికి వేరే పాచిక లేదు. కవచమూ డాలూ దెబ్బ తగిలే అవకాశాన్ని తగ్గిస్తాయి, అంతే. అసంతృప్తి చెందిన ఆటగాళ్ళు సొంత నియమాలు రాసుకున్నారు. వారిలో స్టీవ్ పెరిన్ ఒకరు. ఆయన ప్రధాన రచయితగా 1978లో వెలువడిన ‘రూన్‌క్వెస్ట్’లో కొట్టేవాడూ కాచుకునేవాడూ చెరొక పాచిక వేస్తారు.

ఆ పద్ధతిని విడదీసి మొదటి ఆటకు అతికించేవారు ఒక చిన్న లెక్కను విస్మరిస్తారు. తగిలే అవకాశం సగం, కాచుకునే అవకాశం సగం అయితే సగటున నాలుగు వేట్లకు ఒక్కటే ఫలిస్తుంది; పోరు రెట్టింపు సాగుతుంది. రూన్‌క్వెస్ట్‌లో ఇందుకు విరుగుడుంది. అక్కడ అనుభవంతో నైపుణ్యం పెరిగినంతగా ప్రాణబలం పెరగదు. చేతికో కాలికో తగిలిన ఒక్క గట్టి దెబ్బతో పోరు ముగియవచ్చు. కనుక కాచుకోవడం ప్రాణావసరం. స్థాయితోపాటు ప్రాణబలమూ పెరిగే ఆటలో అదే నియమం కాలయాపనగా మిగులుతుంది.

సొంత నియమాన్ని వాస్తవికతతో కన్నా, అది ఆటగాడి ముందుంచే నిర్ణయంతో తూచడం మేలు. కాచుకోదలచినవాడు తన వంతు దెబ్బను వదులుకోవాలంటే, ఆ పాచిక వెనుక ఒక ఆలోచన ఉంటుంది. ఏ మూల్యమూ లేని కాపుదల ఆ సాయంత్రపు కథకు దక్కవలసిన సమయాన్ని తినేస్తుంది.