నూనె జాడీలలో ఇసుక: 1944 నాటి ‘ఆలీబాబా’ చిత్రంలో దొంగల పునర్నిర్మాణం

ఎడారి నేపథ్యంలో సాగే పాత హాలీవుడ్ సాహస చిత్రాల ఆకర్షణను సాధారణంగా వర్ణశోభకూ కత్తియుద్ధాలకూ ఆపాదించడం పరిపాటి. ఇవి బాహ్య కారణాలు. ధర్మం ఎవరి పక్షాన నిలుస్తుందన్న ప్రశ్నే ఆ ఆకర్షణకు మూలమనడానికి, ఆర్థర్ లూబిన్ దర్శకత్వంలో యూనివర్సల్ సంస్థ 1944లో విడుదల చేసిన ‘ఆలీబాబా అండ్ ది ఫార్టీ థీవ్స్’ మంచి నిదర్శనం.

ఆలీబాబా కథ ‘వెయ్యిన్నొక్క రాత్రుల’ ప్రాచీన అరబ్బీ ప్రతులలో లేదు. సిరియాకు చెందిన హన్నా దియాబ్ చెప్పగా విన్న ఈ కథను ఆంత్వాన్ గలాఁ 18వ శతాబ్ది ఆరంభంలో తన ఫ్రెంచి సంపుటాలలో చేర్చాడు. అందులో ఆలీబాబా కట్టెలు కొట్టుకొని బతికే పేదవాడు, దొంగలు క్రూరులు. చిత్రం ఈ వ్యవస్థను తారుమారు చేసింది. హులాగూఖాన్ బాగ్దాదును ఆక్రమిస్తాడు. కాసిం ద్రోహం వల్ల ఖలీఫా హతుడవుతాడు. పారిపోయిన బాలుడైన రాజకుమారుణ్ణి దొంగల నాయకుడు చేరదీస్తాడు. వారే క్రమంగా పరాయి పాలనను ఎదిరించే దేశభక్తులవుతారు. ఐరోపాలో పలు దేశాలు నాజీల ఆక్రమణలో ఉన్న కాలంలో, 1258 నాటి మంగోలు దండయాత్రను ఈ కథకు జోడించడం గమనార్హం.

ఈ మార్పుతో ఎడారి కేవలం దృశ్యం కాక కథాధర్మాన్ని నిర్ణయించే స్థలమైంది. నగరంలో ద్రోహికి అధికారం దక్కగా, న్యాయమైన వారసుడు ఎడారిలో పెరిగాడు. ముగింపులో శత్రువులు కత్తులతో పొడిచిన జాడీలలోంచి రాలేది ఇసుకే. దొంగలు అప్పటికే జనంలో కలిసిపోయి ఉన్నారు. ఎడారి నగరంలోకి ప్రవేశించిందన్న సూచన ఇక్కడ సార్థకం.

అయితే ఈ పునర్నిర్మాణానికి మూల్యం ఉంది. దొంగలు ధీరులైనప్పుడు, వారిని మరిగే నూనెతో హతమార్చిన మార్జియానాకు కథలో చోటు లేకపోయింది. ఆమె బుద్ధిబలానికి బదులు, మరియా మాంటెజ్ ధరించిన వధువు పాత్ర మిగిలింది. మోడరన్ థియేటర్స్ 1956లో తమిళంలో నిర్మించిన ఆలీబాబా చిత్రంలో మాత్రం పి. భానుమతి ధరించిన మార్జియానాయే కథానాయిక. అక్కడ దొంగలు ప్రతినాయకులుగానే ఉన్నారు. దొంగకు గౌరవం దక్కిన చోట దాసికి స్థానం పోయింది. దాసికి స్థానం దక్కిన చోట దొంగ దొంగగానే మిగిలాడు. ఈ చిత్రాల ఆకర్షణను అంచనా వేసేటప్పుడు అవి ఎవరికి న్యాయం చేశాయన్నదానితో పాటు, అందుకోసం ఎవరిని తొలగించాయన్నదీ పరిశీలించవలసి ఉంది.